పడ్డ చోటు వేరు, చెడ్డ చోటు వేరు

పెద్ద ప్రోగ్రామ్ బిల్డ్ అవుతుండగా కంపైలరే క్రాష్ అయితే స్క్రీన్ మీద ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ అని పడుతుంది. తనలోనే ఏదో తేడా వచ్చిందని కంపైలర్ ఒప్పుకుంటున్న మాట అది. పక్కనే ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. ఎవరి కళ్లయినా ముందు ఆ నంబరు మీదికే పోతాయి. తీరా ఫైలు తెరిచి ఆ లైను దగ్గరికి వెళ్తే, చాలాసార్లు అక్కడ కనబడేది ఒక ఫంక్షన్‌ను ముగించే బ్రాకెట్. అందులో తప్పు పట్టడానికి ఏముంటుంది? కంపైలర్ ఆ ఫంక్షన్ మొత్తం చదివేసింది, దాన్ని వేగంగా నడిచేలా మార్చబోతూ లోపలెక్కడో తడబడింది, ఏదో ఒక లైను చెప్పాలి కాబట్టి చివరి లైను చెప్పింది.

పాత ప్రోగ్రాముల్ని కొత్త మిషన్ల మీద మళ్లీ నిలబెట్టడం నా వృత్తి. హైదరాబాద్‌లో, చెన్నైలో, బెంగళూరులో, న్యూజెర్సీలో ఎన్నో తెలుగు ఇళ్లు ఈ పని మీదే నడుస్తున్నాయి. ఎవరో ఎప్పుడో ఏ దేశంలోనో రాసిన కోడ్‌ను ఆగిపోకుండా చూసుకునే పని ఇది. చేస్తున్నకొద్దీ నాకు ఒక నమ్మకం బలపడింది. పడ్డ చోటు వేరు, చెడ్డ చోటు వేరు. ఆ రెంటి మధ్య దూరం ఒకసారి ఒక ఫైలంత ఉంటుంది, ఒకసారి నలభై ఏళ్లంత ఉంటుంది. ఆ దూరం వెనక్కి నడవకుండా ఎర్రర్‌ను మాత్రం మాయం చేయడం కంటే పెద్ద ప్రమాదం మా పనిలో లేదనుకుంటాను.

కాబట్టి కంపైలర్ పడ్డప్పుడు నేను వెంటనే కోడ్ జోలికి పోను. అదే కమాండ్‌ను మళ్లీ ఇస్తాను. ఈసారీ అదే ఫైలు, అదే లైను దగ్గర పడిందా, ఇంకెక్కడైనా పడిందా అన్నది చూడాలి.

ఈ ప్రశ్న వెనక ఒక తరం అనుభవం ఉంది. 1990లలో ఇంట్లో కూర్చుని లైనక్స్ కెర్నెల్‌ను కంపైల్ చేసుకునేవాళ్లకు, కంపైలర్ ‘సిగ్నల్ 11’ అని మధ్యలోనే చచ్చిపోవడం బాగా తెలిసిన బాధ. రోజియర్ వోల్ఫ్ అనే ఆయన ఈ ఒక్క సమస్య మీదే ప్రశ్నలు, జవాబులతో ఒక పత్రం రాసిపెట్టాడు. కోడ్ అదే, కంపైలర్ అదే, పడే చోటు మాత్రం ప్రతిసారీ మారుతోందంటే ముందు ర్యామ్‌ను అనుమానించండి అన్నది దాని సారం. మిగతా ప్రోగ్రాములన్నీ బాగా నడుస్తుంటే కంపైలర్ ఒక్కటే ఎందుకు పడుతుందని అడిగేవాళ్లకు జవాబు కంపైలర్ స్వభావంలోనే ఉంది. దాని మెమరీ నిండా ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి చూపే పాయింటర్లే. ఒక ఫొటోలో ఒక బిట్ తారుమారైతే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరూ గమనించరు. పాయింటర్‌లో ఒక బిట్ తారుమారైతే దారి మెమరీలో తనది కాని చోటికి పోతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. అలా కెర్నెల్ కంపైల్ చేయడమే ర్యామ్‌కు పరీక్ష అయింది.

జీసీసీ కంపైలర్‌లోకే ఈ జ్ఞానం చేరింది. లైనక్స్ మీద అది క్రాష్ అయినప్పుడు తనంతట తానే అదే పనిని మళ్లీ నడిపి చూసుకోగలదు. ఫలితం ఒకేలా రాకపోతే, ఈ తప్పు మళ్లీ రాబట్టలేకపోతున్నాం, బహుశా ఇది హార్డ్‌వేర్‌దో ఆపరేటింగ్ సిస్టమ్‌దో కావచ్చు అని చెబుతుంది. నాకు ఎంతో ఇష్టమైన ప్రవర్తన ఇది. తప్పు నాదని చెప్పుకునే ముందు, ఎదుటివాళ్లదని వేలెత్తే ముందు, ఇంకోసారి చేసి చూడటం. 2017లో ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లు కొత్తగా వచ్చినప్పుడు ఇదే కథ మళ్లీ నడిచింది. లైనక్స్ మీద ఒకేసారి ఎన్నో కంపైల్ పనులు పెట్టినవాళ్లకు ఎక్కడపడితే అక్కడ సెగ్మెంటేషన్ ఫాల్టులు, అంటే అదే సిగ్నల్ 11. ఆ ఏడాది ఆగస్టులో కంపెనీయే సమస్య ఉందని ఒప్పుకుంది, ఫిర్యాదు చేసినవాళ్లకు చిప్‌లు మార్చి ఇచ్చింది. తమ కోడ్‌ను నమ్మి, పడే చోట్లు ఓపిగ్గా రాసిపెట్టుకున్నవాళ్ల వల్లే అది బయటపడింది.

ఇంకో రకం మరీ మామూలుది, అయినా ఇప్పటికీ మనుషుల పూటల్ని తినేస్తుంది. ఎర్రర్‌లో ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ ఉండదు. పదహారు కోర్లున్నాయి కదా అని పదహారు ఫైళ్లు ఒకేసారి కంపైల్ పెడతారు. టెంప్లేట్లు దట్టంగా ఉన్న సీ ప్లస్ ప్లస్ ఫైలైతే ఒక్కొక్కటి గిగాబైట్ల కొద్దీ మెమరీ అడుగుతుంది. మెమరీ నిండగానే కెర్నెల్ సాధారణంగా ఎక్కువ తింటున్నదాన్ని ఎంచి చంపుతుంది. చచ్చిన ఫైలు చేసిన నేరం పెద్దది కావడమే. కెర్నెల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న లైను చూస్తే సంగతి తేలిపోతుంది. పక్కన నడుస్తున్నవాటిని తగ్గిస్తే అదే ఫైలు ఏ మార్పూ లేకుండా కంపైల్ అవుతుంది.

లింకర్ దగ్గరికొచ్చేసరికి నింద ఇంకా అన్యాయంగా పడుతుంది. ఎందుకంటే లింకర్ అందరికంటే చివర వస్తుంది. వేల ఫైళ్లను విడివిడిగా చూసుకుని కంపైలర్ తప్పుకుంటుంది. వాటన్నిటినీ ఒకేసారి కళ్లముందు పెట్టుకుని ఒక్కటి చేయాల్సింది లింకరే. 2011 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్‌కు జరిగింది ఇదే. విండోస్ కోసం చేసే బిల్డ్‌లో, ప్రోగ్రామ్ నడిచే తీరును ముందే కొలిచి దాన్నిబట్టి కోడ్‌ను మెరుగుపరిచే పద్ధతి ఒకటి వాడేవారు. ఆ పద్ధతిలో అసలు కోడ్ తయారీ అంతా లింక్ సమయంలోనే, ఒకే ప్రాసెస్‌లో జరుగుతుంది. ఆ లింకర్ 32 బిట్ ప్రోగ్రామ్. అది వాడుకోగలిగింది 3 జీబీ అడ్రస్ స్పేస్. బ్రౌజర్ ప్రాణమంతా ఉన్న ఒక్క డీఎల్ఎల్ పెరిగి పెరిగి, దాన్ని లింక్ చేయడానికి కావలసిన మెమరీ ఆ గీత దాటింది. బిల్డ్‌లు పడిపోయాయి, కొత్త కోడ్ చేర్చడం ఆపేశారు. గీత దాటించిన మార్పు ఎవరిదో ఒకరిదై ఉంటుంది, ఆ మార్పు తీసేస్తే బిల్డ్ నిలబడేది కూడా. అంతమాత్రాన తప్పు అతనిదవుతుందా? చెరువు కట్ట తెగితే చివరి చినుకును నిందించం. చివరికి కొన్ని భాగాలకు ఆ మెరుగుదలను ఆపి బరువు తగ్గించారు. తర్వాత బిల్డ్ మిషన్లను 64 బిట్ విండోస్‌కు మార్చితే అదే లింకర్‌కు 4 జీబీ దొరికింది. కొంతకాలానికి అదీ నిండే దశకు వచ్చింది. 32 బిట్ ప్రోగ్రాముల్ని తయారు చేసే 64 బిట్ కంపైలర్, లింకర్ విజువల్ స్టూడియో 2013తో వచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. ఈ కథను నేను మా వాళ్లకు పదే పదే చెబుతాను. చివర ముట్టుకున్నవాడి మీద వేలు పెట్టే అలవాటు ఆఫీసుల్లో ఎక్కువ. చివరి మార్పును కనిపెట్టడం సులువు. దాని కింద ఏళ్లుగా పేరుకున్న బరువును కనిపెట్టడానికే మనసు పెట్టాలి.

ఇక నా చేతుల మీదుగా వెళ్లిన ఒక ప్రోగ్రామ్ సంగతి కాస్త తీరుబడిగా చెప్పాలి. వరద నీరు మైదానం మీద ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టే ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్ అది. మొదట రాసినవాళ్లు 1980లలో రాశారు. పేర్లు ఆరక్షరాలు దాటవు, లైన్లు 72వ గడి దాటవు. లెక్కకు కావలసిన పట్టికలన్నీ, సబ్‌రొటీన్లన్నీ పంచుకునే కామన్ బ్లాకుల్లో ఉంటాయి. నీటి లోతు, వేగం, నేల ఎత్తు, గరుకుదనం, ఇలా మొత్తం ముప్పై పట్టికలు. నేలను చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరానికి ఒక్కో అంకె. వాడుకలో ఉన్నది వెయ్యి చదరాల పొడవు, వెయ్యి చదరాల వెడల్పు. శాటిలైట్ల నుంచి నేల కొలతలు ఇంకా సన్నగా దొరుకుతున్నాయి కాబట్టి మూడు వేలు బై మూడు వేలు చేయమన్నారు. మార్చాల్సింది రెండు అంకెలే.

మార్చి బిల్డ్ పెట్టగానే లింకర్ మొరాయించింది. ‘రిలొకేషన్ ట్రంకేటెడ్ టు ఫిట్’ అని ఒకదాని కింద ఒకటి లైన్లు. చూపిస్తున్న చోటు మా ఫైలు కానే కాదు. ప్రతి ప్రోగ్రామ్‌కూ మొదట్లో కంపైలర్ తనంతట తాను కలిపే చిన్న ఫైలు ఒకటుంటుంది, అందులో ఎర్రర్ అంటోంది. మాతో పనిచేసే కుర్రాడు చూసి, “అన్నా, ఇది మన కోడ్ కాదు. కంపైలర్ ఇన్‌స్టలేషనే పాడైనట్టుంది, తీసేసి మళ్లీ వేస్తాను” అన్నాడు. లాగ్‌ను లాగ్‌లాగే చదివితే అతనన్నది సబబే.

“వేసే ముందు, పట్టికల లెక్క ఒకసారి కట్టి చూడరా” అన్నాను. కాగితం మీద కట్టాడు. ఒక్కో అంకె 8 బైట్లు. మూడు వేలు ఇంటూ మూడు వేలు ఇంటూ ఎనిమిది, ఒక పట్టిక 7 కోట్ల 20 లక్షల బైట్లు. ముప్పై పట్టికలు 216 కోట్లు. మామూలు పద్ధతిలో కంపైల్ చేసిన కోడ్, తన డేటా అంతా 2 జీబీ లోపలే ఉంటుందని నమ్మి, దూరాలను 32 బిట్లలో రాసుకుంటుంది. 2 జీబీ అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 648 బైట్లు. ఇరవై తొమ్మిది పట్టికలైతే 208 కోట్ల 80 లక్షలు, పట్టేవి. ముప్పయ్యో పట్టిక గీత దాటించింది. ఆ పెద్ద పట్టికలకు అవతల పడ్డ చిన్న వేరియబుల్‌ను అందుకోలేక ఏ పాపమూ ఎరుగని మొదటి ఫైలు కేక పెట్టింది. పాత కొలతల్లో ఇవే ముప్పై పట్టికలు 24 కోట్ల బైట్లు. అప్పుడు ఈ గీత ఉందన్న ఆలోచన కూడా ఎవరికీ రానక్కరలేదు.

కుర్రాడి ముఖం వెలిగింది. దీనికి మందు ఉంది. పెద్ద డేటాను దూరంగా పెట్టి, దాన్ని అందుకోవడానికి పొడవైన అడ్రస్‌లు వాడమని చెప్పే ఆప్షన్ కంపైలర్‌లో ఉంది, దాన్ని మీడియం మెమరీ మోడల్ అంటారు. బిల్డ్ ఫైలులో ఒక్క మాట చేరిస్తే ఎర్రర్ పోతుంది. పోయింది కూడా. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నేను ఆగవద్దనేది ఇక్కడే. లింకర్ మనకు చెప్పిన కబురు ఒక పెద్ద కబురులో చిన్న ముక్క. ఈ ప్రోగ్రామ్‌లో ఒక పరిమాణం 214 కోట్ల గీత దాటింది అన్నది ఆ కబురు. దాన్ని అడ్రస్‌ల దగ్గర లింకర్ పట్టుకుంది. మరి అదే పరిమాణాన్ని ప్రోగ్రామ్ లోపల ఇంకెవరైనా 32 బిట్ల అంకెలో పెట్టుకుంటున్నారా?

వెతికితే దొరికింది. లెక్క మొదలయ్యే ముందు, మధ్యంతర ఫలితాలు దాచడానికి డిస్కులో చోటు సరిపోతుందా అని చూసుకునే సబ్‌రొటీన్ ఒకటుంది. పొడవు, వెడల్పు, పట్టికల సంఖ్య తీసుకుని, వాటిని గుణించి, కావలసిన బైట్లు ఎన్నో లెక్క కట్టి, ఉన్న చోటుతో పోలుస్తుంది. ఆ లబ్ధం పెట్టుకునేది మామూలు ఇంటిజర్‌లో. 216 కోట్లు అందులో పట్టదు. పొంగి మైనస్ 213 కోట్ల చిల్లరగా మారుతుంది. మైనస్ సంఖ్య కంటే ఖాళీ చోటు ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి చోటు సరిపోతుందనే అంటుంది. డిస్కు నిండి ఉన్న రోజున గంటల తరబడి లెక్క నడిచాక సగంలో పడిపోయేది. అప్పుడు పడ్డ చోటు ఇంకెక్కడో ఉండేది. చెడ్డ చోటుకు దారి చూపేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు. లింకర్ మొరాయించడాన్ని నేను ఉపకారంగా తీసుకునేది అందుకే.

ఆ సబ్‌రొటీన్ రాసినాయన మీద నాకు గౌరవమే ఉంది. ఆ కాలంలో డిస్కులు మెగాబైట్లలో ఉండేవి. అలాంటి రోజుల్లో, ముందే చోటు చూసుకుని మొదలుపెట్టాలన్న బుద్ధి పుట్టడమే గొప్ప. ఆయన రాసిన సూత్రంలో తప్పు లేదు. ఆయన కాలం ఆ సూత్రానికి ఒక షరతు పెట్టింది, ఆ షరతు ఎక్కడా రాసి లేదు. పాత ప్రోగ్రామ్ అంటే మనకు కనబడే కోడ్ ఒక్కటే అనుకోవడం వల్లే చిక్కులన్నీ వస్తాయి. ఆనాటి కంపైలర్ చూపిన ఔదార్యం, ఆనాటి మిషన్ కొలతలు కూడా ప్రోగ్రామ్‌లో భాగమే. అవి ఫైళ్లలో ఉండవు. బిల్డ్ పడ్డప్పుడే బయటకొస్తాయి.

కంపైలర్ ఔదార్యానికి 2020లో జరిగింది మంచి ఉదాహరణ. సీ భాషలో, ఒక గ్లోబల్ వేరియబుల్‌ను విలువ ఇవ్వకుండా రెండు ఫైళ్లలో ప్రకటిస్తే, పాత యూనిక్స్ లింకర్లు రెంటినీ ఒకటిగా కలిపేసేవి. ఫోర్‌ట్రాన్ కామన్ బ్లాకుల కోసం పెట్టిన సదుపాయమే ఇక్కడా పనికొచ్చింది. దాంతో హెడర్ ఫైలులో ఒక వేరియబుల్ పెట్టేసి, దాన్ని అన్ని ఫైళ్లలోకి పిలుచుకునే అలవాటు ఎన్నో ప్రోగ్రాముల్లో పాతుకుపోయింది. ఆ ఏడాది మే నెలలో వచ్చిన జీసీసీ 10 ఆ సదుపాయాన్ని మామూలుగా ఇవ్వడం మానేసింది. ఏళ్ల తరబడి నోరెత్తకుండా బిల్డ్ అయిన ప్రోగ్రాములు ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని లింకర్ దగ్గర పడటం మొదలైంది. పాత సదుపాయాన్ని తిరిగి తెచ్చే ఫ్లాగ్ ఉంది, ఒక్క మాట చేరిస్తే చాలు. అయితే ఆ ఫ్లాగ్ ఏం కలిపేస్తుందో చూడాలి. ఒక ఫైలులో ఆ పేరుతో ఉన్నది ఇంటిజర్, ఇంకో ఫైలులో అదే పేరుతో ఉన్నది డబుల్ అయినా, పెద్దదానికి సరిపడా చోటిచ్చి లింకర్ మాట్లాడకుండా కలిపేసేది. ఆ రెండు ఫైళ్లూ ఒకరి విలువను ఒకరు పాడుచేసుకుంటూ ఎన్నేళ్లు నడిచాయో! ఫ్లాగ్ పెట్టొద్దని నేననను. రేపు డెలివరీ ఉన్నవాడికి అదే దారి. పెట్టినప్పుడు బిల్డ్ ఫైలులో దాని పక్కనే ఎందుకు పెట్టామో, ఏ పేర్లు ఢీకొన్నాయో, ఏది చూడకుండా వదిలేశామో రాయాలి. కారణం రాయని ఫ్లాగును పదేళ్ల తర్వాత తీసే ధైర్యం ఎవరూ చేయరు.

మరి నిజంగానే కంపైలర్‌దే తప్పైతే? అలాంటివీ ఉంటాయి, మనం అనుకునేకంటే ఎక్కువే ఉంటాయి. యూటా యూనివర్సిటీలో జాన్ రెగర్ బృందం సీస్మిత్ అనే సాధనం తయారు చేసింది. అది యాదృచ్ఛికంగా సరైన సీ ప్రోగ్రాముల్ని పుట్టించి కంపైలర్లకు పెడుతుంది. 2011లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం, మూడేళ్లలో 325కు పైగా అప్పటిదాకా తెలియని తప్పులు దొరికాయి. వాళ్లు పరీక్షించిన ప్రతి కంపైలరూ ఏదో ఒక సరైన ప్రోగ్రామ్ దగ్గర క్రాష్ అయింది. అంతకంటే కలవరపెట్టేది ఇంకొకటుంది. ప్రతి కంపైలరూ ఏదో ఒక ప్రోగ్రామ్‌కు కిక్కురుమనకుండా తప్పుడు కోడ్ ఇచ్చింది. కూలిపోయే కంపైలర్ మంచిదని నేననేది ఇది తెలిసే. అది పడి ఆగుతుంది. ఆగనిది లెక్క తప్పు చేసి, మన వంతెన డిజైన్‌లోకో, వరద అంచనాలోకో ఆ తప్పును పంపిస్తుంది.

అందుకే, కంపైలర్‌ను పడేస్తున్న వేరే ఫైలు ఒకటి పట్టుకుని మా కుర్రాడు ఇంకోసారి వచ్చి, “అన్నా, క్రాష్ పోయింది, ఆప్టిమైజేషన్ తీసేశాను” అన్నప్పుడు, “మంచిది, ఈరోజుకు బిల్డ్ ఇచ్చెయ్. ఆ ఫైలు మాత్రం పక్కన పెట్టు, తగ్గిద్దాం” అన్నాను. తగ్గించడం ఒక విద్య. ముందు హెడర్లన్నీ విప్పి ఒక్క ఫైలుగా పరిచేయాలి, ఆ పని చేసిపెట్టే ఆప్షన్ కంపైలర్‌లోనే ఉంది. అది లక్ష లైన్లు ఉండొచ్చు. సగం తీసేసి చూడాలి, క్రాష్ ఇంకా వస్తోందా? వస్తే ఆ సగం అక్కర్లేదు. పోతే వెనక్కి పెట్టి ఇంకో సగం తీయాలి. ఈ చాకిరీని మిషన్‌కు అప్పగించే సాధనాలున్నాయి. రెగర్ బృందమే 2012లో సీ-రెడ్యూస్ అన్న దాన్ని ప్రకటించింది. రాత్రి పెట్టి వెళ్తే తెల్లారేసరికి ఫైలు నమలి నమలి ఉంచుతుంది. అయినా మొదటిసారి చేత్తోనే చేయమంటాను. సగం తీసిన ప్రతిసారీ, ఏది లేకపోయినా క్రాష్ వస్తోందో తెలుస్తుంది. మనసులో పెట్టుకున్న అనుమానాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. క్లాస్ వారసత్వం వల్ల అనుకున్నాడు, అది తీసేసినా వచ్చింది. ఫలానా లైబ్రరీ వల్ల అనుకున్నాడు, అదీ పోయింది. చివరికి ఒక లూప్, అందులో ఒక తీసివేత, ఒక షరతు మిగిలాయి. మొత్తం కలిపి అరచేతిలో పట్టేంత కోడ్.

అది రిపోర్టుగా వెళ్లింది, కంపైలర్‌లో సరిదిద్దారు. జీసీసీలో ఒక మంచి ఆచారం ఉంది. ఇలా సరిదిద్దిన తప్పును పుట్టించిన చిన్న ఫైలును తమ పరీక్షల ఫోల్డర్‌లో చేరుస్తారు. పేరు చాలావాటికి ‘పీఆర్’ అన్న రెండక్షరాలు, పక్కన ఆ రిపోర్టు నంబరు. పైన ఏ ఆప్షన్లతో కంపైల్ చేస్తే పడిందో రాసి ఉంటుంది. లోపల చాలావాటిలో వేరియబుల్స్‌కు ఏ, బీ, సీ లాంటి పేర్లే ఉంటాయి, అది బ్యాంకు ప్రోగ్రామ్ నుంచి వచ్చిందో, సినిమా గ్రాఫిక్స్ నుంచి వచ్చిందో, వరద లెక్కల నుంచి వచ్చిందో తెలియదు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లను మొదటి వారంలో ఆ ఫోల్డర్‌లో కూర్చోబెట్టి, ఒక ఫైలు ఎంచుకుని, ఆ తప్పు ఉన్న పాత కంపైలర్‌ను తెచ్చి, దాన్ని పడేయమంటాను. పడేశాక, ఏ ఒక్క లైను తీస్తే పడకుండా పోతుందో కనుక్కుని నాకు చెప్పాలి. ఆ తర్వాతే మా ప్రోగ్రాముల బిల్డ్ వాళ్ల చేతికిస్తాను.